"ట్రయల్ కాదు, పారేసే రక్తమే, చచ్చిన వైరసే" అని గైడ్ అంటే అనుమతులు అక్కర్లేదా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీ మొదటి ఏడాది. పక్కనున్న ఆస్పత్రి ల్యాబ్‌లో పరీక్షలయ్యాక మిగిలిపోయే రక్తం తెచ్చుకుని డీఎన్‌ఏ చూడాలి, ఆ తర్వాత ఒక జన్యువును లెంటీవైరస్‌లో, అంటే జన్యువుని కణంలోకి మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌లో, పెట్టి కణాల్లోకి ఎక్కించాలి. ఎథిక్స్ కమిటీ, బయోసేఫ్టీ కమిటీ సంగతేంటని అడిగితే గైడ్ "ఇదేం క్లినికల్ ట్రయల్ కాదు, పారేసే రక్తమే కదా, వైరస్ కూడా చచ్చినదే, పేపర్ పంపేటప్పుడు చూసుకుందాం" అన్నారట. నిజంగా అక్కర్లేదా, కావాలంటే సార్‌తో గొడవ లేకుండా ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు.

రెండు కమిటీల అనుమతీ కావాలి. రెండూ పని మొదలుపెట్టక ముందే చేతికి రావాలి. పేపర్ పంపేటప్పుడు చూసుకోవడం అనేది ఉండదు, ఎందుకంటే అయిపోయిన పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వదు. ఎవరైనా వెనక తేదీ వేసి ఇస్తే అది అనుమతి కాదు, మీ మెడకి చుట్టుకునే కాగితం.

నేను మైక్రోబయాలజీ మనిషిని. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు ల్యాబ్‌లో పనిచేశాక ఈ రెండు రకాల కమిటీల్లోనూ కూర్చున్నాను, ఒకచోట మెంబర్ సెక్రటరీగా ఫైళ్లు మోశాను కూడా. అందుకే మీ సార్ మాట నాకు కొత్తగా అనిపించలేదు. ఆయన చెప్పిన మూడు ముక్కల్లో ఒక్కటీ పచ్చి అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. మీది నిజంగానే ట్రయల్ కాదు. ఆ రక్తం నిజంగానే కాసేపట్లో ఆస్పత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి పోయేది. లెంటీవైరల్ వెక్టర్, అంటే అలా జన్యువుని మోసే వైరస్, మామూలుగా తనంతట తాను పెరగలేదు, అదీ నిజమే. కానీ ఈ దేశంలోనూ బయటా పరిశోధనలో జరిగిన పెద్ద తప్పుల్లో చాలావరకు ఎవరో దొంగచాటుగా చేసినవి కావు, "ఇది అది కాదులే" అని ఒక మెత్తని పేరు పెట్టుకుని పట్టపగలే చేసినవి. ఆ పేరు పెట్టే పని, దానివల్ల లాభపడే మనిషి చేతిలో ఉండకూడదు. కమిటీ ఉన్నది అన్నిటికన్నా ముందు దీనికోసం.

ఖమ్మం సంగతి మీ వయసు వాళ్లకి తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు తయారీ కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. గుజరాత్‌లో వడోదర వైపు కూడా ఇదే నడిచింది. కాగితాల మీద దాని పేరు "డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు". అంటే ట్రయల్ కాదు, టీకా అప్పటికే లైసెన్స్ ఉన్నది, ఊళ్లలో దీన్ని ఎలా వేయాలో చూస్తున్నాం, అంతే అన్నమాట. ట్రయల్ కాదన్నప్పుడు ట్రయల్‌కి ఉండే కట్టుదిట్టాలు, అంటే ఎవరికైనా ఏదైనా అయితే ఎవరు ఎన్ని గంటల్లో ఎవరికి చెప్పాలి, నష్టపరిహారం ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా, ఇవన్నీ మెత్తబడిపోయాయి.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, వాళ్లలో ఐదుగురు మన దగ్గరి వాళ్లు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే వాట్సాప్‌లో తిరిగే కథ అయిపోతుంది: విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు, సంబంధం ఉండే అవకాశం లేదనే అంది. ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నదే, మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే డాక్టర్‌ని అడిగి వేయించండి. విచారణలో బయటపడ్డ అసలు లోపం సంతకాలది. తర్వాత 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఆ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ మంది పిల్లల తరఫున "మాకు అర్థమైంది, ఒప్పుకుంటున్నాం" అన్నది అమ్మా కాదు నాన్నా కాదు, ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో అన్నం పెట్టించే ఉద్యోగి. ఆ వార్డెన్ పై నుంచి ఆర్డర్ వస్తే కాదనగలడా? మన్యంలో ఎక్కడో ఉన్న తల్లిదండ్రులకి ఈ సంగతి ఎప్పుడు తెలిసి ఉంటుంది?

నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఇంకోటుంది. దేశంలో మనుషుల మీద పరిశోధనకి నీతి నియమాలు రాసేది ఐసీఎంఆర్. ఈ ప్రాజెక్టులో భాగస్వామి కూడా ఐసీఎంఆరే. పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగానే తప్పుపట్టింది. రూల్ పుస్తకం రాసినవాళ్లే ఆటలోకి దిగినప్పుడు విజిల్ ఊదేవాడు ఎవరూ మిగలలేదు. కాబట్టి "మా సార్ చాలా సీనియర్, ఆయనకి తెలియని రూల్సా" అనే మాటకి కమిటీలో విలువ ఉండదు. ఉండకూడదు కూడా.

ఇప్పుడు మీ రక్తం శాంపిల్స్ దగ్గరికి వద్దాం. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో సమీక్ష మూడు రకాలు: అసలు సమీక్షే అక్కర్లేనివి, ఇద్దరు ముగ్గురు సభ్యులు త్వరగా చూసి ఇచ్చేసేవి, కమిటీ మొత్తం కూర్చుని చూడాల్సినవి. పేరూ ఊరూ లేకుండా చేసిన మిగులు శాంపిల్స్ అయితే రోగి అంగీకారం తీసుకోవడాన్ని కమిటీ మినహాయించవచ్చు. మీ సార్ బహుశా ఇది ఎక్కడో విని ఉంటారు. కానీ మినహాయించేది కమిటీ, మీరు కాదు. "మాది మినహాయింపు కిందకి వస్తుంది" అని అడుగుతూ పంపాల్సిన దరఖాస్తు కూడా ఒక దరఖాస్తే.

పేరు తీసేస్తే చాలనుకోవడం కూడా తొందరే. ట్యూబ్ మీద పేరు కొట్టేశారు సరే, మీ ఎక్సెల్ షీట్‌లో వయసు, మండలం, కులం, అరుదైన ఆ జబ్బు పేరు, ఆస్పత్రికి వచ్చిన తేదీ ఉన్నాయనుకోండి, ఆ మండలంలో పనిచేసే ఆశా కార్యకర్త అర నిమిషంలో మనిషిని చెప్పేస్తుంది. డీఎన్‌ఏ విషయంలో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే మన దగ్గర కులాంతర వివాహాలు తక్కువ కాబట్టి ఒక్కో సమాజంలో ఒక్కో మార్పు గూడుకట్టుకుని ఉంటుంది. వైశ్యుల్లో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ తక్కువ, ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాళ్లలో తొందరగా విరగదు. మన మత్తు డాక్టర్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. తెలియడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి కూడా. అయినా ఒక సమాజం పేరు పెట్టి "వీళ్ల జన్యువులో లోపం" అని పేపర్‌లో రాసేముందు, అది రేపు వార్తల్లో హెడ్‌లైన్‌గా, ఎల్లుండి పెళ్లి సంబంధాల్లో ప్రశ్నగా మారితే ఎలా అని ఒక్కసారి ఎవరైనా అడగాలి. మీకు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు, మీ దృష్టంతా సీక్వెన్స్ మీద ఉంటుంది. కమిటీలో సైన్స్ చదవని మామూలు మనిషినీ, న్యాయవాదినీ, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లనీ పెట్టమన్నది ఇందుకే. నేను చూసిన మంచి ప్రశ్నల్లో సగం ఆ మామూలు మనిషి అడిగినవే. మేం పీసీఆర్ గురించి కొట్టుకుంటుంటే, రిటైరైన టీచరమ్మ ఒకావిడ "ఈ పరీక్షలో జబ్బు ఉందని తేలితే ఆ మనిషికి చెబుతారా, చెప్పరా?" అని అడిగారు. ప్రోటోకాల్ మొత్తం తిరగేశాం, సమాధానం లేదు.

కొత్తగా రక్తం తీస్తే మాత్రం అంగీకార పత్రం తప్పదు. వేలిముద్ర వేయించుకుంటే పక్కన సాక్షి ఉండాలి, ఆ సాక్షికి మీ పరిశోధనతో సంబంధం ఉండకూడదు. మన ఆస్పత్రుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఓపీ క్యూలో స్టాంప్ ప్యాడ్ పట్టుకుని నిలబడ్డ ప్రాజెక్ట్ అసిస్టెంట్ "ఇక్కడ వేయమ్మా" అంటాడు, సాక్షి గడిలో మీ ల్యాబ్ అటెండర్ సంతకం ఉంటుంది, నలభై పత్రాల మీద అదే సంతకం. కమిటీ సభ్యుడిగా నేను ముందు ఆ గడి చూసేవాణ్ని.

వైరస్ సంగతి. "చచ్చినదే" అన్న మాట ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి బీజింగ్ ఉంది. 2004లో, అసలు సార్స్ అంటువ్యాధి అణిగిపోయాక, బీజింగ్‌లోని జాతీయ వైరాలజీ సంస్థలో సార్స్ వైరస్‌ని నిర్జీవం చేశామనుకుని, భద్రత ఎక్కువున్న ల్యాబ్ నుంచి మామూలు ల్యాబ్‌కి తెచ్చి పనిచేశారు. నిర్జీవం చేసే పద్ధతి నిజంగా పనిచేసిందో లేదో సరిగ్గా పరీక్షించలేదు. అక్కడ పనిచేస్తున్న విద్యార్థినికి సోకింది, ఆమె సొంతూరు వెళ్లింది, మొత్తం 9 మందికి వచ్చింది. చనిపోయింది ఒక్కరే, ఆ అమ్మాయిని దగ్గరుండి చూసుకున్న తల్లి. ల్యాబ్ గడప తొక్కని మనిషి.

ఇదేదో చైనాలోనే జరుగుతుందనుకోకండి. 2014 జూన్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో ఆంత్రాక్స్ బాక్టీరియాని చంపేశామనుకుని తక్కువ భద్రత ఉన్న ల్యాబ్‌లకి పంపారు. 24 గంటలు ప్లేట్ల మీద చూశారు, ఏం పెరగలేదు, సరే అనుకున్నారు. అవే ప్లేట్లు ఇంకా కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయి, పారేద్దామని తీసేసరికి పెరిగి కనిపించింది. డెబ్బై మందికి పైగా ఉద్యోగులకి తగిలి ఉండొచ్చని మందులు ఇవ్వాల్సి వచ్చింది. ఎవరికీ జబ్బు రాలేదు, అదృష్టం. ఇంకా వెనక్కి వెళితే 1978లో బర్మింగ్‌హామ్‌లో మశూచి. వైరస్ మీద పనిచేసింది కింది అంతస్తు ల్యాబ్, జబ్బు వచ్చి చనిపోయింది పై అంతస్తులో పనిచేసే ఫొటోగ్రాఫర్ జానెట్ పార్కర్. వైరస్ పైకి ఎలా చేరిందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ల్యాబ్ అధిపతి హెన్రీ బెడ్సన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రపంచంలో మశూచితో చనిపోయిన ఆఖరి మనిషి ఒక పరిశోధనా భవనంలోనే దాన్ని తగిలించుకుంది.

మీ లెంటీవైరస్ వీటిలా కాదు, భయపడి పని మానేయమని చెప్పడం లేదు. హెచ్‌ఐవీ నుంచి తయారు చేసిన వెక్టర్ అది, దానికి కావాల్సిన జన్యువులని మూడు నాలుగు ప్లాస్మిడ్ల (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ముక్కల) మీద విడగొట్టి పెడతారు కాబట్టి ఒక కణంలోకి దూరాక మళ్లీ కొత్త వైరస్ పుట్టదు. కానీ ఆ మొదటి కణంలోకి దూరడం మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది, మీరు దాన్ని కొనేదే అందుకు! దూరి, లోపల పెట్టిన జన్యువుని ఆ కణం డీఎన్‌ఏలో శాశ్వతంగా అతికిస్తుంది. సూది గుచ్చుకుంటే ఆ కణం మీ వేలిది అవుతుంది. లోపల పెట్టింది రంగు వెలిగే జీఎఫ్‌పీ అయితే ఒక కథ, క్యాన్సర్ జన్యువు అయితే ఇంకో కథ. మీరు ఏ జన్యువు పెడుతున్నారో ప్రశ్నలో రాయలేదు. బయోసేఫ్టీ కమిటీ మొదట అడిగేది అదే, ఆ తర్వాత ఎన్నో తరం వెక్టర్, ఎంత పరిమాణంలో తయారు చేస్తారు, సూదులు, గాజు పిపెట్లు ఎందుకు వాడుతున్నారు అని.

చట్టం సంగతి ఒక్క మాటలో: 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబర్‌లో వచ్చిన నియమాలే ఇప్పటికీ ఆధారం. జన్యుమార్పిడి పని చేసే ప్రతి సంస్థలో ఐబీఎస్‌సీ, అంటే సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో డీబీటీ, అంటే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, పంపిన మనిషి ఒకరు కూర్చుంటారు. దానిపైన డీబీటీలో ఆర్‌సీజీఎం, పర్యావరణ శాఖలో జీఈఏసీ అనే జాతీయ స్థాయి కమిటీలు. 2017 డీబీటీ మార్గదర్శకాల ప్రకారం మరీ తేలిక పనులకి ఐబీఎస్‌సీకి తెలియజేస్తే చాలు, ఆ పైవాటికి మొదలుపెట్టే ముందే ఐబీఎస్‌సీ అనుమతి, ఇంకా పైవాటికి ఆర్‌సీజీఎం కూడా. మీది ఏ గడిలో పడుతుందో నేనిక్కడ కూర్చుని తేల్చడం సరికాదు, మీ సార్ తేల్చడం కూడా.

కాగితం వచ్చాక అంతా సవ్యంగా ఉంటుందా అంటే, ఉండదు. ఒక సంస్థకి ల్యాబ్ చూడ్డానికి వెళ్లాం, పేరు అనవసరం. ఫైల్ అద్దంలా ఉంది. లోపలికి వెళితే లెంటీవైరస్ పని లామినార్ ఫ్లోలో చేస్తున్నారు. తెలియనివాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, గాజు తలుపు, లోపల లైటు, గుయ్యిమని ఫ్యాన్. కానీ లామినార్ ఫ్లోలో గాలి వెనకనుంచి వచ్చి మీ ముఖం మీదికి కొడుతుంది, అది మీ శాంపిల్‌ని కాపాడేందుకు పుట్టింది, మిమ్మల్ని కాదు. వైరస్‌ని అందులో తెరిస్తే ముక్కులోకి ఊదుకున్నట్టే. కావాల్సింది క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్, అందులో ముందు అంచున ఉన్న చిల్లుల గుండా గాలి కిందికి లాక్కుని ఫిల్టర్ చేస్తుంది. అది కూడా ఉంది వాళ్ల దగ్గర, పక్క గదిలో. దాని చిల్లుల మీద నోట్‌బుక్కు, టిప్ బాక్సులు పేర్చి ఉన్నాయి, సర్టిఫికేషన్ స్టిక్కర్ గడువు ఎప్పుడో దాటింది. ఆటోక్లేవ్ రిజిస్టర్ తీయించాం. నెలరోజుల ఎంట్రీలు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా, రోజూ 121 డిగ్రీలు, 15 పౌండ్లు. ఆదివారాలు కూడా. ఆ అటెండర్‌ని ఎవరూ కోప్పడలేదు, కోప్పడాల్సింది అతన్ని కాదు కాబట్టి. ముందురోజు సాయంత్రం రిజిస్టర్ అతని చేతికిచ్చి నింపమన్నది ఎవరో అందరికీ తెలుసు.

ఆటోక్లేవ్ టేపు నల్లబడింది కాబట్టి సరిపోయింది అనే మాట కూడా వింటుంటాను. టేపు వేడి తగిలిందని చెబుతుంది, సంచి మధ్యలో ఉన్నవి చచ్చాయని చెప్పదు. అది తెలియాలంటే జియోబాసిలస్ స్టీరోథెర్మోఫిలస్ సిద్ధబీజాల వయల్ సంచి నడుమ పెట్టి, సైకిల్ అయ్యాక దాన్ని పెంచి చూడాలి. బీజింగ్‌లో, సీడీసీలో తప్పింది ఈ చూసే దగ్గరే.

కమిటీలని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. రెండు గంటల్లో ఇరవై ప్రపోజల్స్, మధ్యలో సమోసా, టీ, ఒక్కో దానికి ఐదారు నిమిషాలు, "నో కామెంట్స్, అప్రూవ్డ్". ఐబీఎస్‌సీల్లో ఇంకో జబ్బు ఉంది, సంస్థ సైంటిస్టులే సభ్యులు, వాళ్ల ప్రాజెక్టులే ముందుకొస్తాయి. సొంత ప్రాజెక్టు వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి, వెళతారు, మూడు నిమిషాల్లో లోపలికి వస్తారు, వచ్చాక పక్కవాడి ప్రాజెక్టు మీద ఎవరు నోరు తెరుస్తారు చెప్పండి. ఎథిక్స్ కమిటీలో అధ్యక్షుడు బయటి సంస్థ మనిషే అయ్యుండాలన్న నిబంధన, సభ్యుల్లో సగమైనా బయటివాళ్లుండాలన్నది ఈ మొహమాటానికి విరుగుడుగానే పెట్టారు, అయినా బయటివాడు కూడా డీన్ గారి క్లాస్‌మేటే అయితే చేసేదేం లేదు. అనుమతి ఇచ్చాక ఏడాదికోసారి వచ్చే ప్రోగ్రెస్ రిపోర్ట్ చదివే కమిటీని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను, అరకొర కమిటీ ముందు అయినా ప్రోటోకాల్ పెట్టడానికీ, ఎవరి ముందూ పెట్టకపోవడానికీ తేడా ఉంది. ఫారం నింపాలంటే ఎవరో ఒకరు కూర్చుని "గుచ్చుకుంటే ఏం చేస్తాం, ఎవరికి ఫోన్ చేస్తాం" అని రాయాలి. ఆ రాసేవాళ్లు మీరే. రాసేటప్పుడే సగం లొసుగులు మీకే కనిపిస్తాయి.

సార్‌తో ఎలా అంటారా. "రూల్ ప్రకారం" అని మొదలుపెట్టకండి, ఏ గైడ్‌కీ నచ్చదు. "సార్, థీసిస్‌లో ఎథిక్స్ నంబర్, ఐబీఎస్‌సీ నంబర్ ఎక్కడ రాయాలో ఫార్మాట్‌లో ఉంది, మనవి ఏవి?" అని అడగండి. చాలాసార్లు ల్యాబ్‌కి పాత అనుమతి ఒకటి ఉంటుంది, దాని కాపీ తీసుకుని మీ జన్యువు, మీ కణాలు అందులో ఉన్నాయా చూడండి. లేకపోతే కొత్త దరఖాస్తు అక్కర్లేదు, సవరణ పెడితే చాలొచ్చు, అది విన్నాక సార్‌కి కూడా ఊపిరి ఆడుతుంది. డ్రాఫ్ట్ మీరే రాసి తీసుకెళ్లండి. గైడ్లు ఈ పని వద్దనేది చాలావరకు దుర్మార్గంతో కాదు, ఫారాలు నింపే ఓపిక లేక, ప్రాజెక్ట్ గడువు మార్చికి అయిపోతుందనే టెన్షన్‌తో. శాంపిల్స్ ఆస్పత్రివి కాబట్టి ఎవరి ఎథిక్స్ కమిటీకి వెళ్లాలి, మీ యూనివర్సిటీదా ఆస్పత్రిదా, రెండూనా అన్నది మెంబర్ సెక్రటరీకి ఒక మెయిల్ పెట్టి అడగండి, అలా అడగడం ఫిర్యాదు కాదు, రోజూ వచ్చే మెయిలే. ఆ కమిటీ ఆరోగ్య పరిశోధనా విభాగం దగ్గర నమోదై ఉందో లేదో కూడా చూసుకోండి, 2019 నియమాల తర్వాత అది తప్పనిసరి.

అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా కొలాబరేషన్ అని శాంపిల్స్ అక్కడికి పంపమంటే, అక్కడి ఎథిక్స్ కమిటీ, అంటే ఐఆర్‌బీ, ఇచ్చిన కాగితం ఒక్కటే చూపించి "అప్రూవల్ ఉంది" అంటే ఒప్పుకోకండి. రక్తం ఇచ్చింది ఇక్కడి మనిషి, ఇక్కడి కమిటీ చూడాలి, ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి, రెండు సంస్థల మధ్య శాంపిల్ ఒప్పందం కూడా కావాలి.

మీ ఫ్రెండ్ వరి మీద జీనోమ్ ఎడిటింగ్ చేస్తున్నాడు, తనకి ఏ రూలూ లేదంటున్నాడు అని కూడా రాశారు. సగం నిజం. 2022 మార్చిలో, బయటి జన్యువు మిగలని ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 రకం మొక్కలకి 1989 నియమాల్లో 7 నుంచి 11 వరకు మినహాయించారు. 2025 మేలో ప్రకటించిన రెండు వరి రకాల్లో ఒకటి మన సాంబ మసూరి మీద హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, రెండోది మన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 మీద ఢిల్లీ పూసా వాళ్లు చేసినది. ఆ దారిలో వచ్చినవే రెండూ. కానీ ఎడిటింగ్ కోసం లోపల పెట్టిన బయటి డీఎన్‌ఏ నిజంగా పూర్తిగా పోయిందని రుజువులు చూపించి ఐబీఎస్‌సీని ఒప్పించాకే ఆ మినహాయింపు. అప్పటిదాకా అతని మొక్క గ్రీన్‌హౌస్ దాటకూడదు.

చివరగా, మీరు రాసిన తీరు చూస్తే కొన్ని ట్యూబులు ఇప్పటికే మీ ఫ్రీజర్‌లోకి వచ్చేసినట్టు అనిపించింది. అదే నిజమైతే ఇవాళ్టి నుంచి కొత్తవి తేవడం ఆపండి, ఉన్నవాటిని తెరవకండి, పారేయకండి కూడా. ఎన్ని, ఏ తేదీల్లో, ఎవరు ఇచ్చారు, వాటి మీద ఏం రాసుంది అన్నది ఉన్నదున్నట్టు ఒక పేజీలో రాసి, గైడ్‌కి చూపించి దరఖాస్తుతో పాటే కమిటీకి ఇవ్వండి. వాటిని వాడుకోనిస్తారా, పారేయమంటారా వాళ్లే చెబుతారు. మూడు నెలలు పోవచ్చు. ఆ మూడు నెలల్లో జీఎఫ్‌పీ ప్లాస్మిడ్‌తో, మామూలు ట్రాన్స్‌ఫెక్షన్‌తో (వైరస్ లేకుండా డీఎన్‌ఏని కణంలోకి పంపడం) చేయి తిప్పుకోండి, ఈ తేలిక పని గురించి ఐబీఎస్‌సీకి తెలియజేసి, రసీదు నంబర్ మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాకే.